కొస వయసు

మూడేళ్లుగా టేపు ఒకటే అంకె చెబుతోంది.
ముప్ఫై నాలుగు.
ప్రతి నెలా మొదటి ఆదివారం
బ్రిస్టల్‌లో, ఈస్టన్‌లోని మా మేడగది అద్దం ముందు
నుదుటి నుంచి వెనక్కి టేపు జారవిడిచి చూస్తాను.
ఉల్లిపాయ నూనెకి ముప్ఫై నాలుగు.
రోజ్‌మేరీ నూనెకి ముప్ఫై నాలుగు.
పన్నెండు పౌన్ల బయోటిన్ డబ్బా అడుగంటాక కూడా
ముప్ఫై నాలుగే.

"నా జుట్టు పెరగడం మానేసింది" అన్నాను వెర్లీన్‌తో,
రొట్టెల ఫ్యాక్టరీలో, తెల్లారగట్ల నాలుగింటికి,
నీలం వల టోపీల కింద ఇద్దరివీ
ఒకేలాంటి తలలైపోయే వేళ.

"నాది పెరగదని యాభై ఏళ్లుగా చెబుతున్నారు" అంది.
"మరి రంగేసిన ఆరు వారాలకే
పాపిట్లోకి తెల్ల గీత ఎక్కణ్నుంచి వస్తోందో!"

నిజమే.
నెలకి అరంగుళం. ఆమెకి ఓ పిసరు తక్కువ.
పెరగడం వేరు, మిగలడం వేరు.
జీతం దగ్గర ఎప్పుడో తెలిసిన సంగతే.
తల మీదకి వచ్చేసరికి మర్చిపోయాను.

ఆ ఆదివారం వాళ్ల వంటింట్లో
తెల్ల తువ్వాలు పరిచి నన్ను దువ్వుకోమంది.
రాలినవాటిని ఒక్కొక్కటే
కిటికీ వెలుగులో పెట్టి చూపించింది.
మొదట్లో తెల్లటి చుక్క ఉంటే
అది తన డ్యూటీ ముగించుకుని వెళ్లినట్టు.
లేదంటే నేను తుంచినట్టు.

మన ఏజెన్సీ కాంట్రాక్టులాగే
ప్రతి వెంట్రుకకీ ఓ గడువుందట.
ఒకరి తలలో మూడేళ్లు, ఒకరి తలలో ఆరు.
ఆ కాగితం మీద సంతకం చేసిందెవరో
ఆమెకీ తెలీదు.

చుక్కలున్నవి ఇరవై ఆరు.
లేనివి నలభై ఒకటి.
ఆ నలభై ఒకటీ నా ఖాతాలోవే:
బస్సుకి టైమైందని తడి జుట్టు మీద నడిచిన దువ్వెన,
రబ్బరు బ్యాండు, ఉన్ని కోటు కాలరు,
కెటిల్లో తెల్లగా పొర కట్టే ఈ నీళ్లు.
మిగతా ఇరవై ఆరింటికీ
నేనెవర్నీ తిట్టుకోనక్కర్లేదు.

తర్వాత నా జడ కొస పట్టుకుని పైకెత్తింది.
ఎలుక తోక.
"ఇంతదూరం వచ్చినవి కొన్నేలే" అంది,
వచ్చినవాటి మీద గౌరవంతో.

నేను మనసులో లెక్కకట్టాను.
ముప్ఫై నాలుగు అంగుళాలు, అరవై ఎనిమిది నెలలు.
అంటే ఈ కొస పుట్టిన నెలలో
నేను ఒకపక్క వేడి కొళాయికీ ఒకపక్క చల్ల కొళాయికీ మధ్య
చేతులు కాల్చుకుంటూ, వణుకుతూ ఉన్నాను.
తలుపు అవతల "ఇంకా ఎంతసేపు" అంటూ సుధీంద్ర గొంతు ఉంది.
నడుం పైకి వచ్చేసరికి ఆ గొంతు లేదు.
మెడ దగ్గర అన్నీ నైట్ షిఫ్టులే.
మాడు దగ్గర
ఇంకా ఏమీ జరగలేదు.

"రెండంగుళాలు" అంది వెర్లీన్, కత్తెర తుడుస్తూ.
నాలుగు నెలలు, అనుకున్నాను.
ఎలాగూ గడువు దగ్గరపడ్డవే.
సవరానికి పనికొస్తాయని మా పిన్ని
రాలినవన్నీ ఉండచుట్టి గోడ సందులో దాచేది.
నన్నూ దాచుకోనివ్వమని అడగబోయాను.
అప్పటికే చీపురు నడిచింది.

చేతులు కడుక్కుని, శాటిన్ గుడ్డ విప్పి
తన చుట్టల్లోంచి ఒక్క పాయ పట్టి లాగింది.
చెవి దగ్గరది భుజం దాటింది,
జబ్బ దాటింది, మోచేతికి అందింది.
వదిలేసింది.
ఎగిరి చెవి దగ్గరే కూర్చుంది.
"దీన్నెవరూ కొలవరు" అని టీ పెట్టడానికి లేచింది.

మరుసటి నెల టేపు ముప్ఫై రెండున్నర చెప్పింది.
మూడేళ్లలో మొదటిసారి అంకె కదిలింది.
టేపు చుట్టి సూదుల డబ్బాలో పెట్టేసి
తలస్నానానికి వెళ్లాను.
ముందు ఏ కొళాయి తిప్పాలన్నది
ఇప్పటికీ ఓ క్షణం ఆలోచిస్తాను.